ట్రేలో పడుకున్న డ్రోన్

శంషాబాద్ విమానాశ్రయంలో తనిఖీ దగ్గర ప్లాస్టిక్ ట్రేలో పెట్టిన డ్రోన్‌ని చూస్తే జాలేస్తుంది. నాలుగు కాళ్లూ ముడుచుకుని, రెక్కలు మడిచి, పొట్టలో బ్యాటరీ ఊడదీశాక, ఈకలు పీకిన కోడిలా ఉంటుంది. డ్రోన్ అంతకంటే నిరపాయంగా ఉండే స్థితి మరొకటి లేదు. మన రాజ్యం దాన్ని కళ్లు పెద్దవి చేసుకుని చూసేది సరిగ్గా అప్పుడే. అదే డ్రోన్ మేడ్చల్‌లో ఫంక్షన్ హాలు మీద గిర్రున తిరుగుతున్నప్పుడు తలెత్తి చూసేది పెళ్లికొడుకు మేనమామ ఒక్కడే, అదీ తన ముఖం పడిందో లేదో అన్న బెంగతో. ఎగరలేని చోట అనుమానం, ఎగిరే చోట ఆశీర్వాదం. మన డ్రోన్ విధానం ఆచరణలో ఇంతే.

భద్రతా సిబ్బందిని ఎగతాళి చేయడం సులువు, కానీ న్యాయం కాదు. విమానంలో బ్యాటరీ అంటే భయపడాల్సిందే. లిథియం బ్యాటరీలో ఒక గడి అంటుకుంటే పక్క గడిని అంటిస్తుంది. అడుగున సామాన్ల గదిలో ఉంటే సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. మనుషుల మధ్య ఉంటే పొగ రాగానే ఎవరో ఒకరు కేక వేస్తారు. అందుకే విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి, కొసలకు టేపు అంటించాలి అన్నది ప్రపంచమంతా పాటించే నియమం. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం కాలిపోయింది, మంట మొదలైంది తలమీది సామాన్ల అరలోనే. కాబట్టి జాగ్రత్తలో తప్పులేదు. తప్పల్లా కొలతలో ఉంది. నియమం అంకెల్లో ఉంది: 100 వాట్ అవర్ల వరకు ఇబ్బంది లేదు, 100 నుంచి 160 దాకా విమానసంస్థ ఒప్పుకోవాలి, ఆపైన ప్రయాణికుడి సామానులో చోటే లేదు. చీమ తలకాయంత అక్షరాల్లో బ్యాటరీ మీద 2,250 మిల్లీ ఆంప్ అవర్లు, 7.7 వోల్టులు అని ఉంటే, రెంటినీ గుణించి వెయ్యితో భాగిస్తే 17.3 వస్తుంది. పక్క ట్రేలో ఐటీ ఉద్యోగి పెట్టిన ల్యాప్‌టాప్‌లో దీనికి మూడు నాలుగు రెట్లు ఉండొచ్చు. ల్యాప్‌టాప్‌కేమో వెళ్లిరమ్మని దీవెన, డ్రోన్‌కేమో పక్కకు రమ్మని సైగ. పొలంలో మందు కొట్టే డ్రోన్ బ్యాటరీ వేరు. 16,000 మిల్లీ ఆంప్ అవర్లు, 22.2 వోల్టులది అయితే 355 దాటుతుంది, దాన్ని ఆపాల్సిందే. కానీ 17కీ 355కీ తేడా చెప్పేది గుణకారం, ఆకారం కాదు. రెక్కలు బిగించే చిన్న స్క్రూడ్రైవర్‌ది ఇంకో కథ, అది చేతిసంచిలో రాకూడదు. మంట పుట్టించగల బ్యాటరీ మన ఒళ్లో కూర్చోవాలి, మర తిప్పే చువ్వ అడుగున పడుకోవాలి. రెండూ సబబే. అయినా గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు డ్రోన్ యజమాని చెమటలు పట్టి నిలబడేది మాత్రం ఈ రెంటి వల్ల కాదు, వాటి మధ్య పడుకున్న ఉత్త ప్లాస్టిక్ బొమ్మ వల్ల.

ఇక ట్రే దగ్గర్నుంచి ఆకాశానికి వద్దాం. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద శంషాబాద్ దక్షిణాన, మేడ్చల్, శామీర్‌పేట ఉత్తరాన. అంత దూరం కాబట్టి ఇక్కడి ఆకాశం ఖాళీ అనుకునేరు. శామీర్‌పేట వెళ్లే రాజీవ్ రహదారి పక్కనే హకీంపేట వాయుసేన స్థావరం. మేడ్చల్‌కి పడమటి దిక్కున దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ. అంటే రెండువైపులా విమానం నడపడం నేర్చుకునే కుర్రాళ్లు, మధ్యలో చెరువుగట్టు మీద ప్రీ వెడ్డింగ్ షూట్లు, సాయంత్రానికి డీజే బారాత్‌లు. తడబడడానికి హక్కున్న పైలట్లు తిరిగే ఆకాశం ఇది. ఇక్కడ పైకి లేచే డ్రోన్‌కి ట్రే లేదు, ఎక్స్‌రే లేదు. చట్టం లేదా అంటే, నిక్షేపంలా ఉంది. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలు ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులుగా పంచాయి. పచ్చ రంగులోనైతే 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. ఎస్పీ స్థాయి అధికారి తలచుకుంటే ఒక ప్రాంతాన్ని 96 గంటల వరకు తాత్కాలికంగా ఎరుపు చేయొచ్చు. డబ్బు తీసుకుని 250 గ్రాములు దాటిన డ్రోన్ ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. కూరలో కరివేపాకులా పెళ్లి ప్యాకేజీలో డ్రోన్‌ని కలిపేసేటప్పుడు ఆ సర్టిఫికెట్ చూపించమని ఆడపెళ్లివారు అడిగారా? ఆల్బమ్‌కి ఎన్ని షీట్లు అని మాత్రం మూడుసార్లు అడుగుతారు.

ఆ రంగుల మ్యాప్ ఆన్‌లైన్‌లో పెట్టాం కదా, చూసుకోవాల్సిన బాధ్యత ఎగరేసేవాడిదే కదా అని ప్రభుత్వం తరఫున ఎవరైనా అనొచ్చు. నిజమే. కానీ అదే మాట విమానాశ్రయంలో ఎందుకు చెల్లదు? అక్కడా నియమం రాసే ఉంది, ప్రయాణికుడిదే బాధ్యత, అయినా మనిషిని పెట్టి, యంత్రం పెట్టి వెతుకుతున్నాం. అనుమతి లేనిదే డ్రోన్ లేవకుండా ఆపే సాంకేతికత సంగతికొస్తే, దాన్ని ముందు ముందు నోటిఫై చేయవచ్చని 2021 నిబంధనల్లోనే రాసుకున్నారు. ఆ 'ముందు ముందు'లో ఎన్ని ముహూర్తాలు దాటిపోతాయో పంచాంగకర్తలే చెప్పాలి.

అంతకంటే బరువైన ఆక్షేపణ ఒకటుంది. డ్రోన్ బొమ్మ కాదు, ఆయుధం కూడా అవుతుంది, 2021 జూన్ 27న జమ్మూ వాయుసేన స్థావరం మీద బాంబులు వేసింది డ్రోన్లే, అందుకే ఈ అనుమానం అంటారు. ఒప్పుకుందాం. ఆ డ్రోన్లు చేతిసంచిలో పడుకుని, బూట్లు విప్పి, ట్రేలో నుంచి రాలేదు. ఆకాశంలోంచి వచ్చాయి. జమ్మూ నేర్పిన పాఠం ఏదైనా ఉంటే అది వాయుసేన స్థావరం పక్కనున్న ఊళ్లకే, అంటే మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ. బోర్డింగ్ పాసు పట్టుకున్న వీడియోగ్రాఫర్‌కి కాదు. దొంగ పెరటి గోడ దూకాడని తెలిశాక వీధి తలుపుకి ఇంకో తాళం వేసినట్టుంది మన జాగ్రత్త.

పెరటి గోడ అన్నాం కాబట్టి దిగుమతి సంగతీ చెప్పుకోవాలి. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మినహాయింపు, విడిభాగాలకు అడ్డులేదు. దేశీయ తయారీకి అది మంచిదే కావచ్చు. కానీ ఆ తేదీ తర్వాత విదేశాల్లో విడుదలైన మోడళ్లు మన పెళ్లిళ్లలో కనిపిస్తే వాటికి ఆకాశంలోంచి ఊడిపడ్డాయన్న ఒక్క సంజాయిషీ సరిపోతుంది, డ్రోన్లు కదా.

పెళ్లి వీడియోల మీద బతికే కుర్రాళ్ల పొట్ట కొట్టొద్దన్న మాట కూడా విన్నదే, అందులో నిజం ఉంది. అయితే వాళ్ల పొట్ట కొడుతున్నది నిబంధన కాదు, నిబంధన ఎక్కడ మొదలవుతుందో తెలియకపోవడం. శంషాబాద్‌లో ఏ బ్యాటరీ పోతుందో తెలియదు, శామీర్‌పేటలో ఏ రోజు కేసు పడుతుందో తెలియదు. అదే శామీర్‌పేట చుట్టుపక్కల దేశానికి న్యాయవాదుల్ని అందించే నల్సార్ ఉంది, ఇంజినీర్లను తయారుచేసే బిట్స్ ఉంది, టీకాలు తయారుచేసే జీనోమ్ వ్యాలీ ఉంది. ఇదే రాష్ట్రంలో 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో మందులు మోసిన డ్రోన్‌కి కేంద్రమంత్రి జెండా ఊపారు. ఇంత విజ్ఞానం పక్కన పెట్టుకుని మనకు కావలసింది నిజానికి ఒక్క వాక్యం. ఫంక్షన్ హాలు బుకింగ్ రసీదు వెనక 'బయటి వంట అనుమతించబడదు', 'పార్కింగ్‌లో వాహనాలకు యాజమాన్యం బాధ్యత వహించదు' అని ఎలాగూ అచ్చేస్తున్నారు. వాటి కింద, ఈ హాలు మీద ఆకాశం ఏ రంగో కూడా రాస్తే ఇంకో అంగుళం సిరా.