మీట పద్యానికి టీకా తాత్పర్యం

మూలము

పాత దారి యుంచి పక్కనే కొత్తది
వేసి, మీట పెట్టి, విప్పు మెల్ల;
నూటి కొకడు నడువ నొప్పి లేకున్నచో
జనుల కెల్ల దారి చాటవచ్చు.

అవతారిక: బిజినేపల్లి మండలం పాలెంలో ప్రాచ్య కళాశాల ఉంది. కపిలవాయి లింగమూర్తి గారు తెలుగు పాఠం చెప్పిన చోటు. ఆ గాలి సోకినవారికి ఏది కనబడినా పదం విడదీయనిదే నిద్ర పట్టదు. అందుకే బ్రౌజరు రాసేవాళ్ళు పాటించే జాగ్రత్తను ఆటవెలదిగా కట్టి, ఇంకెవరూ పూనుకోరు గనుక టీక కూడా మేమే రాస్తున్నాం.

ప్రతిపదార్థము: పాత దారి = లింకు నొక్కింది మొదలు పేజీ తెర మీదికి వచ్చేదాకా ఇన్నాళ్ళూ నడుస్తున్న కోడును; ఉంచి = చెరపక; పక్కనే = అదే ప్రోగ్రాములో; కొత్తది వేసి = మార్చిన కోడును చేర్చి; మీట పెట్టి = ఏ కోడు నడవాలో చెప్పే ఫీచర్ ఫ్లాగు తగిలించి; విప్పు మెల్ల = మొదట బందు పెట్టి, పిదప కొంచెం కొంచెంగా తెరువుము; నూటి కొకడు = నూరుమందిలో ఒకడు, ఆ ఒకడు తానేనని ఎరుగనివాడు; నొప్పి లేకున్నచో = క్రాష్‌లు పెరగకుంటే, పేజీలు మందగించకుంటే; తక్కినది సుగమము.

తాత్పర్యము: తేడా వస్తే మీట బందు చెయ్యి, పాత కోడు పని చూసుకుంటుంది.

విశేషములు: కవి రంగుల మార్పునో గుండీల మార్పునో పట్టుకోక దారినే ఎందుకు పట్టుకున్నాడు? బ్రౌజరులో లింకు మీది ప్రతి నొక్కుడూ ఆ కోడు మీదుగానే పోవాలి. అక్కడ తప్పు జరిగితే పేజీ రాకపోవడం చిన్న కష్టం. పైన పట్టీలో బ్యాంకు చిరునామా, కింద దొంగవాడి పేజీ కనబడడం పెద్ద కష్టం. క్రోంలో పేజీని గీసే ప్రాసెసు చేతిలో ఉన్న ప్రయాణపు పెత్తనాన్ని ‘ప్లజ్‌నావిగేట్’ పేరుతో బ్రౌజరు ప్రాసెసుకు అప్పగించినప్పుడు, రెండు దారులూ ఏళ్ళ తరబడి ఒకే సోర్సులో కాపురం చేశాయి. వదిలిన పేజీని మెమరీలో అట్లనే నిలిపి, వెనక్కి బాణం నొక్కగానే చూపే ఏర్పాటు కూడా మీటల చాటునే పెరిగి, 2021లో క్రోం 96తో కంప్యూటర్లకు వచ్చింది.

పాఠాంతరము: ‘నడువ’కు బదులు ‘మిగుల’ అని కొన్ని ప్రతులలో. గణభంగం లేదు, అర్థం మాత్రం తలకిందులు. దీనికీ ప్రమాణం ఉంది. 2018లో క్రోం 67 నాటికి, ఒక్కో సైటును వేరే ప్రాసెసులో ఉంచే సైట్ ఐసొలేషన్‌ను కంప్యూటర్లలో 99 శాతం మందికి తెరిచి, పోల్చి చూసుకోవడానికి ఒక్క శాతాన్ని పాత దారిలోనే ఆపారు. మాకు ఈ పాఠమే ఎక్కువ రుచించింది.

శంక: మీట బందు చేస్తే తక్షణమే ఆగునా?

సమాధానము: ఆగదు. ఫోనులో క్రోం అడ్రసు పట్టీలో ‘క్రోం://ఫ్లాగ్స్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూడుడు. ముందు ఒక హెచ్చరిక, కింద ఒక్కో ఫ్లాగు పక్కన డిఫాల్ట్, ఎనేబుల్డ్, డిసేబుల్డ్ అనే ఎంపిక. ఏది మార్చినా అడుగున ‘రీలాంచ్’ గుండీ లేస్తుంది. మీటల లెక్కను బ్రౌజరు లేచేటప్పుడే చదువుకుంటుంది. గూగుల్ దూరం నుంచి బందు చేసిన మీట కూడా సాధారణంగా బ్రౌజరు మళ్ళీ మొదలైనప్పుడే పనిచేస్తుంది. ఇది లోపం కాదు. పాత దారిలో బయలుదేరిన పేజీ పాత దారిలోనే చేరాలి; నడిమధ్యన మీట మారితే పేజీ ఏ లెక్కలోనూ ఉండదు.

మరొక శంక: పాత దారిని ‘ఉంచి’ అన్న కవి ఎన్నాళ్ళు ఉంచాలో చెప్పలేదేమి?

సమాధానము: ఇది కవి దోషమే. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీ ఒక పాత మీటను కొత్త పనికి వాడింది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడు ఎక్కలేదు. ఏళ్ళ కిందట విడిచిన కోడు అక్కడ నిద్రలేచింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. క్రోంవాళ్ళు ఆ ఫ్లాగుల పేజీలోని ప్రతి ఫ్లాగుకూ యజమాని ఎవరో, ఏ వెర్షన్‌తో గడువు తీరుతుందో ఒక ఫైలులో రాయిస్తారు. గడువు గడిలో మైనస్ ఒకటి వేస్తే ఎన్నటికీ తీరదని అర్థం. అలా వేయాలంటే వేరొక జాబితాలోనూ ఆ ఫ్లాగు పేరు ఎక్కించాలి.