గోటి మీద నా బతుకు

నాకు మొన లేదు. చివర నలుచదరంగా కత్తిరించినట్టు ఉంటాను. నా జాతి కత్తికి పొడిచే పని లేదు, అందుకే మొన పెట్టలేదు. యూదులు నన్ను హలాఫ్ అంటారు. ముంబైలో మస్జిద్ బందర్ దగ్గర 1796లో కట్టిన సినగాగు ఉంది. దాని చుట్టుపక్కల సందుల్లోనే నా బతుకంతా.

నా యజమాని హజ్జాన్. ప్రార్థన చదివించేదీ ఆయనే, కోళ్లూ మేకలూ కోసేదీ ఆయనే. ఆయన పెద్దలు కొంకణ తీరంలో గానుగాడించి నూనె అమ్మినవాళ్లు. శనివారం గానుగ ఆపేస్తారని ఊరివాళ్లు వాళ్లను శనివార్ తేలీలు అనేవారు.

పీక కోయడం ఎవరికైనా వచ్చు. కోషర్‌గా, అంటే మా మత నియమం ప్రకారం, కోయడం వేరు. యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో హుల్లిన్ అనే భాగం చాలావరకు ఈ గొడవే. కోస్తుండగా చెయ్యి ఆగకూడదు. కిందికి నొక్కకూడదు, ముందుకూ వెనక్కూ లాగాలంతే. ఈకల చాటునో తోలు కిందో దూరి కోయకూడదు, మెడ మీద గీసిన హద్దు దాటకూడదు. కోడికైతే గాలిగొట్టం, ఆహారనాళాల్లో ఒకటి సగానికి మించి తెగితే చాలు. మేకకు రెండూ తెగాలి. ఇంతవరకూ భారం మా ఆయన చేతిది. చిట్టచివరి షరతు మాత్రం నా నెత్తిన పెట్టారు: గొంతు తెగాలే గానీ చిరగకూడదు. నా వాదరలో కంటికి ఆనని నొక్కు ఒక్కటి ఉన్నా అది చింపడం కిందే లెక్క.

ఆ నొక్కును పట్టుకోవడానికి పూర్వం పండితులు పడని పాట్లు లేవు. పడమటి దేశంలో, అంటే ఇశ్రాయేలులో, ఎండకు పట్టి చూసేవారట. బాబిలోనియాలోని నెహర్దేయాలో నీళ్లతో పరీక్ష. చూపు లేని రవ్ షేషెత్ నాలుక కొసతో చూసేవాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకే ఒళ్లు జలదరిస్తుంది. ఇంకొకాయన వెంట్రుకతో చూసేవాడు. సూరా ఊరివాళ్లు మాత్రం, మాంసం కోసే కత్తికి మాంసంతోనే పరీక్ష అన్నారు. రవ్ పాపా మాట ఖాయమైంది: వేలి కండ మీద, గోటి మీద, మూడు వైపులా.

మా ఆయన బొటనవేలి గోరు చూస్తే మీకు అర్థమవుతుంది. దాని మీద సన్నని గీతలు పడి ఉంటాయి, అన్నీ నావే. పనికి ముందు వెలుతురులోకి తిరిగి, మాట ఆపి, నన్ను గోటి మీద మెల్లగా జరుపుతాడు. ముందు వాదర, తర్వాత కుడి పక్క, ఎడమ పక్క. పదును గురించి ఆయనకు పెద్ద బెంగ లేదు, నునుపు కావాలి. కోశాక మళ్లీ చూస్తాడు. వెనకటికి కసాయి తన కత్తిని పండితుడికి చూపించకపోతే వెలివేసేవారు. చూపించని కత్తిలో నొక్కు కూడా బయటపడితే, పరాయివాళ్లకు సైతం అమ్ముకోకుండా ఆ మాంసానికి పేడ పూయమన్నాడు రవీనా అనే పండితుడు. నాకు అది సబబుగానే తోస్తుంది.

నా వల్ల తేలే లెక్క ఇంకొకటి ఉంది, మైల లెక్క. దానంతటది చచ్చిన మేకా, నియమం తప్పి కోసిన మేకా ఒకటే, రెండూ నెవేలా. ముట్టుకుంటే సాయంత్రం దాకా మైల. ఊపిరితిత్తికి చిల్లు పడ్డ మేకను నేను సరిగ్గా కోశాననుకోండి, అది తెరేఫా, తినడానికి లేదు. కానీ ముట్టుకుంటే మైల లేదు. అంతవరకు నా ఘనత. పందిని ఎంత ఒడుపుగా కోసినా చచ్చిన శవం కిందే లెక్క. కోడి తంతు మరీ చిత్రం. నెవేలా అయిన కోడిని రోజంతా చేత్తో పట్టుకు తిరిగినా ఏమీ కాదు, ముక్క గొంతు దిగితేనే మైల. క్రీ.శ. 70లో జెరూసలేం ఆలయం కూలాక ఈ మైల లెక్కలు చాలావరకు చదువుకునేవాళ్లకే మిగిలాయి. తిండి నియమాలు మాత్రం వంటింట్లోనే ఉన్నాయి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం సబ్బాతు వంటకని ఒకావిడ బలిసిన కోడిని తెచ్చింది. కోశాం. గోటి మీదికి రాగానే నేను టక్కున తట్టుకున్నాను. ఈకల్లో ఇసుక రేణువు ఏదో ఉండి ఉంటుంది. అంతకు ముందు కోళ్లకు గండం లేదు, ఒక్కోదాని తర్వాత చూస్తూనే వచ్చాడు. ఈ కోడి మాత్రం పోయింది. కోశాక అదే కత్తితో ఎముకలు కొట్టి ఉంటే, నొక్కు అప్పుడే పడిందని రవ్ హిస్దా వదిలేసేవాడు. రవ్ హూనా అదీ ఒప్పుకోడు. మేం ఎముక కొట్టనే లేదు.

"ఈ ఒక్కసారికి వదిలేయండి హజ్జాన్ సాబ్, ఇంటికి చుట్టాలొచ్చారు."

"నాదేముందమ్మా, కత్తి వదలడం లేదు."

"మరి నా కోడి డబ్బులో?"

అది హుల్లిన్‌లో తేలే సంగతి కాదు, తాల్ముద్‌లోనే బావా కమ్మా అనే ఇంకో భాగం తియ్యాలి. ఉచితంగా కోసిపెట్టిన పనివాడి చేతిలో జంతువు చెడితే, అతను నేర్పరి అయిన పక్షంలో నష్టం కట్టనక్కర్లేదు. కూలి పుచ్చుకున్నవాడు ఎంత నేర్పరైనా కట్టాల్సిందే. మా ఆయన కోడికింత అని పుచ్చుకుంటాడు. చేతులు కడుక్కుని, జేబులోంచి డబ్బు తీసి ఆవిడకిచ్చాడు. సానరాయి తడిపి నన్ను దాని మీదికి ఎక్కించాడు.