సరస్సు వైపు గది

మ్యూనిక్‌లో ఉండే మా మిత్రుడి దగ్గరికి వేసవిలో వాళ్ళ అమ్మానాన్నలు కర్నూలు నుంచి వచ్చారు. ఇటలీ ఉత్తరపు కొసన ఉన్న దక్షిణ టిరోల్ వాళ్ళకు చూపించాలని వాడి ముచ్చట. ఎక్కడ దిగాలన్న దగ్గరే పేచీ వచ్చింది. బొల్జానో నగరంలోనా, రేసియా సరస్సు ఒడ్డునా? ఆ వైపు నేను బాగా తిరిగానని నన్ను పిలిచి మధ్యలో కూర్చోబెట్టారు.

నేను బొల్జానో అన్నాను. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు నగరంలో దిగడమే మేలని ఇప్పటికీ నమ్ముతాను. స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో పాత బజారు, పళ్ళ అంగళ్ళు, మందుల షాపులు ఉంటాయి. మెరానోకి రైలుంది. అక్కడ మారితే ఆపిల్ తోటల మధ్యగా మాల్స్ దాకా ఇంకో రైలు తీసుకెళ్తుంది. వాన పడితే మ్యూజియంలో ఓట్జి ఉన్నాడు. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన, 5,300 ఏళ్ళ నాటి ఆ మనిషిని చిన్న కిటికీలోంచి చూడవచ్చు. రేసియా సంగతి వేరు. ఆస్ట్రియా సరిహద్దు పక్కన, దాదాపు 1,500 మీటర్ల ఎత్తు. గాలి విసురుగా ఉంటుంది, వేసవిలోనూ సాయంత్రానికి స్వెటర్ వేసుకోవాల్సిందే. రైలు అక్కడిదాకా రాదు, మాల్స్‌లో దిగి బస్సెక్కాలి. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయండి, చాలు అన్నాను.

"నేనూ అదే మొత్తుకుంటున్నా" అన్నారు పెద్దాయన. ఇరిగేషన్‌లో సూపర్‌వైజరుగా చేరి, డీఈఈగా రిటైరైన మనిషి. "సర్వీసంతా నీళ్ళే చూసినా. ఈడికొచ్చి గూడా నీళ్ళేనా? ఊరు చూపించండి, జనాన్ని చూపించండి."

మిత్రుడి అమ్మ అసలు దేనికీ పట్టుబట్టే మనిషి కాదట. ఏం వండాలన్నా, ఎక్కడికి పోదామన్నా "మీ ఇష్టం నాయనా" అనేదే మాట. అలాంటిది మిత్రుడు ల్యాప్‌టాప్‌లో గదుల ఫోటోలు తిప్పుతుంటే ఒకచోట వాడి మణికట్టు పట్టుకుని ఆపింది. నీళ్ళలోంచి నిటారుగా లేచిన రాతి గంటగోపురం ఫోటో అది. చుట్టూ ఇంకేమీ లేదు.

"మన సంగమేశ్వరం మాదిరే ఉంది. ఈడనే ఉందాం."

చలి అన్నాం. శాలువా ఉందిలే అంది. మోకాళ్ళు అన్నాం. కూచుని చూసేదానికి మోకాళ్ళెందుకు అంది. అద్దె ఎక్కువని పెద్దాయన గొణిగితే ఆయన వైపు తిరిగి, "ఇన్నేండ్లలో నోరు తెరిచి ఒక్కటన్నా అడిగినానా?" అంది. అంతే, ఆ చర్చ అక్కడికి ముగిసింది.

మిత్రుడు నన్ను బయటికి తీసుకెళ్ళి చెప్పాడు. శ్రీశైలం జలాశయం కింద పోయిన దాదాపు వంద ఊళ్ళలో వాళ్ళమ్మ పుట్టిన ఊరు కూడా ఒకటి. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడితే దర్శనానికి పోతుందట గానీ ఊరి ఊసెత్తదట. "అమ్మ బాధపడుతుందనే నాన్న అక్కడ వద్దంటున్నాడ్రా" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. పెద్దాయన మీద గౌరవం పెరిగింది.

నేనూ వాళ్ళతో వెళ్ళాను. సరస్సు ఒడ్డున కురోన్ అనే ఊళ్ళో దిగాం. ఇది కొత్త కురోన్. పాతది నీళ్ళ కింద ఉంది. ఒకప్పుడు అక్కడ రెండు సహజమైన సరస్సులుండేవి. కరెంటు కోసం ఆనకట్ట కట్టి నీటిమట్టం 22 మీటర్లు పెంచి రెంటినీ ఒకటి చేశారు. మొదట అనుకున్నది 5 మీటర్లే. పెంచుతున్నామన్న ప్రకటన ఇటాలియన్‌లో అంటించారు, ఊరివాళ్ళ భాష జర్మన్. చర్చి ఫాదరీ రోమ్ వెళ్ళి పోపుకు మొరపెట్టుకున్నా ఆగలేదు. 1950లో 163 ఇళ్ళు పేల్చేశారు, చర్చినీ పేల్చారు. 14వ శతాబ్దపు కట్టడం కాబట్టి గోపురాన్ని మాత్రం ఉంచారు. 2021లో మరమ్మతుల కోసం నీళ్ళు దించినప్పుడు మెట్లు, నేలమాళిగల గోడలు బయటపడ్డాయి. ఇదంతా తెలియకుండా దాని ముందు నవ్వుతూ ఫోటో దిగి వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

బాల్కనీలో పెద్దాయన కుర్చీని గోడ వైపు తిప్పుకుని ఫోన్‌లో వార్తలు చదివేవారు. ఆమె శాలువా కప్పుకుని, ఫ్లాస్కులో కాఫీ పక్కన పెట్టుకుని గోపురాన్నే చూస్తూ కూర్చునేది. కళ్ళలో తడేమీ లేదు. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఉండేది.

మర్నాడు పెద్దాయన రానంటే ఆమే చేయి పట్టి ఒడ్డుకు తీసుకొచ్చింది. అక్కడి బోర్డు మీద పాత ఊరి ఫోటోలున్నాయి. మిత్రుడి కూతురు జర్మన్ బడిలో చదువుతోంది. బోర్డు గడగడా చదివేసి తాతను అడిగింది.

"తాతా, ఇళ్ళన్నీ లోపల అట్లే ఉంటాయా?"

"ఉండవమ్మా. నీళ్ళు రాకముందే కూలగొడతారు."

"ఎందుకు? ఎట్లాగూ మునిగిపోతాయి కదా!"

"లేకుంటే జనం కదలరు తల్లీ. ముందు పైకప్పు తీసేస్తారు. ఎండకో వానకో వాళ్ళే లేచిపోతారు. గోడలు ఆ తర్వాత."

"నీకెట్లా తెలుసు?"

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "1981లో మీ అవ్వ వాళ్ళ ఊరు ఇట్లే పోయిందమ్మా. శ్రీశైలం డ్యాము కింద."

ఆమె ఫ్లాస్కు మూత బిగించింది. గోపురం మీంచి చూపు తిప్పకుండానే అంది:

"మా ఇంటి కప్పు దగ్గరుండి తీయించిన సూపర్‌వైజరు ఎవరో, అది గూడా చెప్పండి పిల్లకు."