నా కాళ్ళు బయటపడ్డాయి

మదనపల్లె పక్కన, బాహుదా ఏటి మీద పాత వంతెనను నేను. కాణిపాకం దగ్గర కూడా ఒక బాహుదా ఉంది, అది వేరు. మా ఏరు చెయ్యేటిలో కలిసి పెన్నకు పోతుంది. పోతుందని గట్టిగా అనడానికి నాకే నోరు రాదు. అది పారిన రోజుల కన్నా ఇసుకై పడుకున్న రోజులే ఎక్కువ.

నన్ను కట్టినప్పుడు సిమెంటు లేదు. సున్నమూ ఇసుకా గానుగలో వేసి ఎద్దులతో తిప్పించి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి రాయికి రాయి అతికించారు. కానాలు ఐదు. మూడో కానా పైన పిట్టగోడ రాయికి వేలు ఇమిడేంత గాడి ఉంది. ఎదురుబండి వస్తే ఒరుసుకుని పోవాల్సిందే కదా, ప్రతి ఇరుసూ అక్కడే గీకింది. "పక్కకొత్తన్నా, ఎద్దు బెదురుతాది!" అనే కేక నాకు సుప్రభాతం.

1915లో ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి వెలిశాక గడ్డి పరిచిన బండ్లలో దగ్గులు దాటేవి. అప్పటికి ఆ జబ్బుకు మందు లేదు. ఈ కొండగాలి, మంచి తిండి, పడక, అంతే వైద్యం. పడుకుని పోయిన మనిషి ఒక్కోసారి కూర్చుని తిరిగొచ్చేవాడు. 1919లో ఠాగూరు ఇక్కడి బిసెంట్ కాలేజీలో జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారని ఊరు చెప్పుకుంటుంది, చెప్పుకోవాల్సిందే. నాకు మాత్రం ఆ కూర్చుని వచ్చినవాళ్ళే గుర్తు.

తర్వాత టమోటా కాలం. మొదట గంపలు, ఆపైన ప్లాస్టిక్ బాక్సులు. ధర పడిన రోజు మండీ నుంచి వెనక్కొస్తూ సరుకు నా కానాల కింద కుమ్మరించి పోయేవాళ్ళు, మూడు రోజులు పులిసిన వాసన. 2023 జులైలో అదే కాయ కిలో రెండు వందలకు దగ్గర పడితే, బాక్సుల మీద మనిషి పడుకుని కాపలా కాశాడు. పుంగనూరు ఆవు సంగతీ అంతే. మూడడుగుల ఎత్తు, దాని గిట్టల బరువు నాకు తెలిసేది కాదు. ఇప్పుడు లక్షలు పలుకుతోందట, నడిచి రావడం మానేసి వ్యాన్‌లో పోతోంది.

నీళ్ళు నన్నేమీ చేయలేదు. ఇసుక తోడుకుపోయిన ట్రాక్టర్లే నా పునాదిరాళ్ళను ఎండకు పెట్టాయి. పక్కనే కొత్త వంతెన లేచింది, బస్సులన్నీ దాని మీదే.

మొన్న పల్లెలోని ఒక అవ్వ ఉలవకట్టె తెచ్చి నా మీద పరిచింది. ఒకప్పుడు బస్సు చక్రాలే తొక్కి గింజ రాల్చేవి. మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఒక్క బండీ రాలేదు.

"ఏమే, నీ మీద ఎవురూ రారా?" అని లేచి, కొంగు బిగించి, కట్టె తీసుకుని తనే కొట్టడం మొదలుపెట్టింది.