తోక ఉన్న నిందితుడు

సామాన్యుడు భావజాల ప్రభావంతో హింసే న్యాయమని నమ్మే స్థితికి చేరడాన్ని సామాజిక శాస్త్రంలో తీవ్రవాదీకరణ అంటారు. ఇందుకు ఏళ్లు పట్టవచ్చని పండితులు చెబుతుండగా, 2025 ఏప్రిల్‌లో సంగారెడ్డి జిల్లా జిన్నారంలో అంతకన్నా చాలా తక్కువ వ్యవధే సరిపోయింది.

గుట్ట మీది శివుని విగ్రహం దెబ్బతినగానే, ముందు నేరస్థుడి మతం, తీరిక దొరికితే ఆధారం అన్న పద్ధతిలో అనుమానం మదర్సాపై పడి, దాడీ జరిగిపోయాక, సీసీ కెమెరా దృశ్యాలు చూసిన పోలీసులు అది కోతుల పని అని తేల్చారు.

మతభావాలను గాయపరచిన వారిని శిక్షించే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద నేరం రుజువు కావాలంటే దురుద్దేశం ఉండాలి. కోతికి అది లేదు. మనుషుల వద్ద అదొక్కటే పుష్కలం.

అదే జిల్లాలోని పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని ఉమ్మడి శుద్ధి కేంద్రానికి తరలించి, ఆపై గొట్టాల ద్వారా హైదరాబాద్‌లోని అంబర్‌పేటకు పంపే ఏర్పాటైనా ఉంది (ఎంత శుద్ధి అవుతుందన్నది మరో చురకకు సరిపడే సరుకు). వదంతి మాత్రం ఏ తొట్టిలోనూ ఆగకుండా, పుట్టిన చోటి నుంచి తిన్నగా జనం బుర్రల్లోకే పారుతుంది.

గొడవ సద్దుమణిగాక శాంతి సంఘం సమావేశానికి ఇరువర్గాల పెద్దలను పిలవడం అధికారుల ఆనవాయితీ. ఈ కేసులో అసలు వర్గానికి సమన్లు అందించాలంటే మాత్రం కానిస్టేబుల్‌కు చెట్టెక్కడం వచ్చి ఉండాలి.