ఓ సంస్కరణా, రేపు రా!

"గ్రీన్ కార్డుకి ఇప్పుడే ఫైల్ చేయించుకోమంటావా అన్నా, కొత్త చట్టం వచ్చేదాకా ఆగమంటావా?" అని ఈమధ్య కుర్రాళ్ళు తరచూ అడుగుతున్నారు. అడగవలసిన మనిషినే అడుగుతున్నారు. 2003లో హెచ్-1బీ మీద న్యూజెర్సీలో దిగినవాణ్ణి. నలుగురు ప్రెసిడెంట్లను చూశాను. నలుగురి హయాంలోనూ రేపో మాపో వచ్చేయబోయిన సంస్కరణ కోసం కాచుకున్నాను. నాతోపాటు విమానం దిగినవాళ్ళు కార్డులు తెచ్చుకుని, పౌరులై, ఇప్పుడు పక్కింటివాళ్ళతో కంచె గొడవలు పడుతున్నారు. నేను మాత్రం ఆగాను. ఆగడంలో మెళకువలు నాకు తెలిసినట్టు మా ఎడిసన్‌లో ఇంకొకరికి తెలియవు.

మా చిన్నప్పుడు ఊళ్ళో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్ళు. రాత్రి వచ్చిన దయ్యం అది చదువుకుని, సరే రేపొద్దాంలే అని వెళ్ళిపోయేదట. మర్నాడు వచ్చినా అదే రాత, అదే రేపు. వాషింగ్టన్‌లో కాంగ్రెస్ తలుపు మీద కూడా ఇమ్మిగ్రేషన్ సంస్కరణ పేరిట అలాంటిదేదో రాసి ఉంటుందని నా అనుమానం. అయినా ఆశ వదులుకోకూడదు. నా చిట్కాలు పాటించండి.

చిట్కా 1: బిల్లు పేరు వినపడగానే ఫైలు మూసేయండి

2007లో సెనేట్‌లో పెద్ద బిల్లు కదిలింది. కంపెనీ స్పాన్సర్ చేయాల్సిన పని లేదు. చదువుకిన్ని పాయింట్లు, ఇంగ్లీషుకిన్ని, అనుభవానికిన్ని, మార్కులు చూసి కార్డు ఇస్తారట. ఎంసెట్ రాసి వచ్చినవాణ్ణి, మార్కులంటే నాకు భయమా? అప్పటికే కార్డుకి మొదటి మెట్టైన నా లేబర్ సర్టిఫికేషన్ అప్రూవై ఉంది. హెచ్చార్ ఆవిడ "రెండో మెట్టు ఐ-140 వేద్దామా?" అంటే, "తొందరేముంది, పాయింట్ల పద్ధతి వస్తోందిగా" అన్నాను. జూన్ 28న సెనేట్‌లో ఆ బిల్లు గట్టెక్కడానికి 60 ఓట్లు కావలసి వస్తే 46 పడ్డాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా అత్తగారు అననే అన్నారు. పెద్దవాళ్ళు, పోనీలెమ్మని ఊరుకున్నాను.

అధైర్యపడకండి, బిల్లులకేం కొదవ? 2006లో సెనేట్ ఒకటి 62–36తో నెగ్గించింది, అది చట్టం కాలేదు. 2013లో ఇంకొకటి 68–32తో నెగ్గింది, హౌస్ దాన్ని ఓటింగ్‌కే పెట్టలేదు. ఇక మనవాళ్ళకు ప్రాణం లాంటి బిల్లు ఉంది. ఏడాదికి సుమారు 1,40,000 ఉద్యోగపు కార్డులని, ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదని 1990 చట్టం లెక్కగట్టింది. ఐస్‌లాండ్‌కీ ఇండియాకీ ఒకే కుంచం. ఆ కుంచాన్ని తీసేసే బిల్లు 2011లో హౌస్‌లో 389–15తో నెగ్గి సెనేట్‌లో ఆగింది. 2019లో హౌస్‌లోనే మళ్ళీ 365–65. 2020 డిసెంబరు 2న సెనేట్ కూడా, ఒక్కరూ అడ్డు చెప్పకుండా, తన పద్ధతిలో నెగ్గించింది. అయితే హౌస్ రాసినదీ సెనేట్ రాసినదీ ఒకటి కావాలి కదా, కాలేదు. రెండేళ్ళకోసారి కాంగ్రెస్ గడువు తీరగానే పెండింగులో ఉన్న బిల్లులన్నీ దానితోపాటే పోతాయి. మళ్ళీ అ ఆల నుంచి.

మార్పే రావట్లేదనడం మాత్రం అన్యాయం. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము వచ్చింది, అదీ కాంగ్రెస్‌తో పని లేకుండా ఒక్క సంతకంతో. వచ్చే మార్పు మనకు మంచే చేస్తుందని నమ్మడం నా విధానానికి పునాది. పునాదిని తవ్వి చూడకండి.

చిట్కా 2: తేదీ 'కరెంట్' అయితే కంగారు పడకండి

2007 జూలై వీసా బులెటిన్‌లో ఉద్యోగపు కేటగిరీలు దాదాపు అన్నీ కరెంట్ అయ్యాయి. అంటే లేబర్ చేతిలో ఉన్నవాడెవడైనా ఆఖరి మెట్టైన ఐ-485 వేసుకోవచ్చు. తీరా జూలై 2న, నంబర్లు అయిపోయాయి, తీసుకోం అన్నారు. మనవాళ్ళు గాంధీగిరీ చేశారు. ఇమ్మిగ్రేషన్ శాఖ డైరెక్టరుకి వందలకొద్దీ పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని గాయపడ్డ సైనికులుండే వాల్టర్ రీడ్ ఆస్పత్రికి పంపించేశాడు. అదే నెలలో అదే గాంధీగిరీ కథతో 'శంకర్ దాదా జిందాబాద్' విడుదలైంది, కాబట్టి మా రూమ్‌లో ఆ పూల గురించి చర్చ బాగా సాగింది. జూలై 17న ప్రభుత్వం మెత్తబడి, ఆగస్టు 17 దాకా తీసుకుంటాం, ఫీజు కూడా పాతదే అంది. పాత ఫీజు 395 డాలర్లు, కొత్తది 1,010.

మా రూమ్మేట్ ఆ నెల రోజులూ మనిషిలా లేడు. మెడికల్‌కి తెల్లవారకముందే వెళ్ళి డాక్టరు గుమ్మం ముందు క్యూలో నిలబడ్డాడు. టీబీ పరీక్షకి చేతి మీద సూది గుచ్చితే, చిన్నప్పుడు వేయించుకున్న బీసీజీ పుణ్యమా అని రూపాయి బిళ్ళంత ఉబ్బింది. దాంతో ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నారు. క్యారమ్ బోర్డు మీద చెక్కులు, ఫొటోలు, ఫారాలు పరుచుకుని, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా స్ట్రైకరు బరువు పెట్టాడు. "ఒరేయ్, నీ లేబర్ కూడా ఉందిగా, రారా, ఇద్దరం కలిసి పంపేద్దాం" అన్నాడు. నేను పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటూ, "పాయింట్ల బిల్లు మళ్ళీ వస్తుందిరా" అన్నాను.

వాడికి కార్డు వెంటనే ఏమీ రాలేదు, ఏళ్ళు పట్టింది. కాకపోతే ఆ ఏళ్ళన్నీ ఈఏడీ అనే వర్క్ పర్మిట్ మీద వాడు ఉద్యోగాలు మారాడు, వాళ్ళావిడా ఉద్యోగం చేసింది. నా లేబరా? ఆ జూలై 16 నుంచే లేబర్‌కి 180 రోజుల ఆయుష్షని రూలు పెట్టారు. 2008 జనవరిలో అది కాలం చేసింది. 2009లో నా హెచ్-1 ఆరేళ్ళూ నిండాయి. హైదరాబాద్ వెళ్ళి ఏడాది కూర్చుని, 2010లో మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబడ్డాను. ఆ ఏడాదిలోనే మా అమ్మాయి అక్కడ పుట్టింది. ఆగడం వల్ల లాభం లేదన్నదెవరు?

చిట్కా 3: పుట్టిన కాగితం సంగతి తర్వాత చూసుకోండి

మన తరంలో చాలామందికి టెన్త్ సర్టిఫికెట్లో ఒక పుట్టినరోజు, జాతకంలో ఇంకొకటి. మా ఊరి మునిసిపాలిటీ రిజిస్టరులో నా పేరే లేదు, 'మగ శిశువు' అని ఉంది. ఇలాంటి చోట నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ తెచ్చుకుని, మన పుట్టుక ఎరిగిన పెద్దవాళ్ళిద్దరి చేత అఫిడవిట్లు రాయించుకోవాలి. 2007లోనే మా నాన్న, "ఒరేయ్, మీ పెదనాన్న ఇక్కడే ఉన్నాడు, సంతకం పెట్టించి పంపమంటావా?" అన్నారు. ఇప్పుడెందుకులే నాన్నా అన్నాను. పెదనాన్న ఆగలేదు. ఆగే గుణం అందరికీ ఉండదు.

చిట్కా 4: పాత తేదీల గురించి ఆలోచించకండి

సంస్కరణ వచ్చిన రోజున అందరం తలుపు తోసుకుని లోపలికి వెళ్తామని కదా మన ఊహ. ఆ ఊహ చెడకూడదంటే చరిత్ర చదవకండి. 1986 నవంబరు 6న రీగన్ సంతకం పెట్టిన చట్టం సుమారు 27 లక్షలమందికి కాగితాలిచ్చింది. అందులో ముఖ్యమైన పథకం 1982 జనవరి 1కి ముందు నుంచీ దేశంలోనే ఉన్నట్టు రుజువు చూపమంది. 2012లో ఒబామా పిల్లల కోసం తెచ్చిన డాకాకి 2007 జూన్ 15 నుంచీ ఇక్కడే ఉండాలి. 2013 బిల్లు గనక చట్టమై ఉంటే 2011 డిసెంబరు 31 నాటికే వచ్చి ఉండాలి. ప్రతిదానికీ తేదీ వెనకవైపే.

2000 డిసెంబరులో వచ్చిన చట్టం మరీ విచిత్రం. 2001 ఏప్రిల్ 30 లోగా మీ పేరు మీద ఎవరైనా పిటిషనో లేబరో వేసి ఉంటే, తర్వాత స్టేటస్ పోయినా, వెయ్యి డాలర్ల జరిమానా కట్టి దేశంలోనే కార్డు తీసుకునే దారి ఉంటుంది. ఆ రోజుల్లో అన్నయ్య వేసిన పిటిషన్ రసీదు ట్రంకు పెట్టె అడుగున ఉన్నవాడికి అది ఇవాళ్టికీ పనికొస్తుంది. చట్టం మారినప్పుడల్లా క్యూలో ముందే నిలబడ్డవాడికే ఏదో ఒకటి దక్కుతుంది. అందుకే అద్దె రసీదులు, టాక్స్ రిటర్నులు, పాత ఐ-94లు దాచుకోకండి. రుజువులుంటే అప్లై చేయాలన్న దుర్బుద్ధి పుడుతుంది.

చిట్కా 5: స్టేటస్ పోతే కదలకండి

ఉద్యోగం పోయిందా? హెచ్-1 వాళ్ళకు మహా అయితే 60 రోజులుంటాయి. నిద్రపోవడానికి అది చాలినంత సమయం. స్టూడెంట్ స్టేటస్ పోయిందా? తిరిగి ఇప్పించమని మామూలుగా అయిదు నెలల్లోపే అడగాలి. ఆరో నెలలో అడుగుదురుగాని. ఐ-94 మీద ఉండనిచ్చిన తేదీ దాటి 180 రోజులకు మించి ఉండిపోయి దేశం విడిచి వెళ్తే మూడేళ్ళు, ఏడాది దాటాక వెళ్తే పదేళ్ళు తిరిగి రానివ్వకూడదని 1996 చట్టం చెబుతోంది. 179వ రోజుకీ 181వ రోజుకీ మూడేళ్ళ తేడా. రోజులు లెక్కపెడుతూ కూర్చుంటే బీపీ వస్తుంది. క్యాలెండరు గోడవైపు తిప్పండి.

చిట్కా 6: లాయరు కన్నా వాట్సాప్ మేలు

లాయరు గంటకింత అని తీసుకుని మన ఫైలంతా తిరగేస్తాడు. 1999లో ఎవరు ఏం వేశారు, ఏ సరిహద్దులో ఎలా వచ్చారు, ఎక్కడ ఖాళీ పడింది అని గుచ్చిగుచ్చి అడుగుతాడు. చివరికి, "ఇది వేయండి, ఇది మాత్రం వేయొద్దు, వేసి తిరస్కరిస్తే ఇమ్మిగ్రేషన్ కోర్టుకి రమ్మని నోటీసు రావచ్చు" అంటాడు. అంటే ఆగాల్సినవాళ్ళు ఎవరో, ఆగకూడనివాళ్ళు ఎవరో విడివిడిగా తేల్చేస్తాడు. అందరం కలిసి ఆగుదామనుకునే మన సంఘీభావం ఏం కావాలి? అదే వాట్సాప్ గ్రూపులో అయితే అందరికీ ఒకటే జవాబు: 'వచ్చే నెల గుడ్ న్యూస్ ఉంది బ్రో'. కింద చేతులు జోడించిన బొమ్మ.

దేవుడి మీద భారం వేద్దామన్నా జాగ్రత్త. చిలుకూరు బాలాజీకి ముందు 11 ప్రదక్షిణలు చేసి కోరిక చెప్పుకోవాలి, తీరాక 108 చేయాలి. వీసా దేవుడు కూడా కాళ్ళు కదపనిదే అర్జీ తీసుకోడు. అందుకే ఆయనకీ నాకూ పొసగలేదు.

చిట్కా 7: పరువు ముఖ్యం

2014లో నేనొక పొరపాటు చేశాను, ఒప్పుకుంటాను. హెచ్చార్‌వాళ్ళు బలవంతపెడితే లేబర్ వేయించుకున్నాను. ఈబీ-2 కేటగిరీ, ప్రయారిటీ డేట్, అంటే క్యూలో నా చోటు, 2014 సెప్టెంబరు. ఆ మచ్చను 2020లో కడిగేసుకునే అవకాశం దొరికింది. ఆ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈబీ-3 ఇండియా ఫైలింగ్ తేదీ 2015 జనవరి 1కి దూకింది. మనవాళ్ళంతా ఈబీ-2 నుంచి ఈబీ-3కి డౌన్‌గ్రేడ్ చేసుకుని ఐ-485లు వేసేశారు. ఎంటెక్ చదివి ఈబీ-3కి దిగడమా? ఊళ్ళో తెలిస్తే ఏమనుకుంటారు? పైగా సెనేట్‌లో బిల్లు నెగ్గబోతోంది. వెనక్కి తగ్గలేదు. ఆ తర్వాత అయిదేళ్ళు గడిచి 2025 చివరికి వచ్చినా ఈబీ-2 ఇండియా తేదీ 2013 దాటలేదు. పరువు మాత్రం చెక్కు చెదరలేదు.

ఫలితాలు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. క్యారమ్ బోర్డు రూమ్మేట్ ఇప్పుడు పౌరుడు. నేను ఎదురుచూసే సంస్కరణకు ఓటు వేసే హక్కు వాడికుంది. వేయమని ప్రతి ఎన్నికకీ ఫోన్ చేసి గుర్తు చేస్తుంటాను.

మా అమ్మాయికి పదహారేళ్ళు. 21 నిండితే నా ఫైలులో దాని పేరు నిలవదు. మొన్న రాత్రి వంటింటి బల్ల దగ్గర కూర్చుని వేసవి క్యాంపు స్కాలర్‌షిప్ ఫారం నింపుతోంది. సిటిజన్, పర్మనెంట్ రెసిడెంట్, అదర్ అని మూడు గళ్ళు. మూడోదానిలో పెన్సిలుతో టిక్కు పెట్టి, "పెన్నుతో తర్వాత దిద్దుతా నాన్నా, శుక్రవారం దాకా టైముందిలే" అని లేవబోయింది.

"ఇప్పుడే నింపి ఇప్పుడే పంపించెయ్యమ్మా" అన్నాను. నా నోటి నుంచి వచ్చిన మాటేనా అని అదీ చూసింది, నేనూ చూసుకున్నాను.

ఈ ఒక్క మాటనూ చిట్కాల్లో కలపకండి.