గుడ్లగూబకి మార్కులు వేసే విధానం

జర్మనీ వెళ్లాలనుకోగానే కొందరు తొందరపడి జర్మన్ నేర్చుకోవడం మొదలుపెడతారు. అలా దూకకూడదు. ముందు యాప్‌ని ఎంచుకోవాలి. ఆ ఎంపికే శ్రద్ధగా ఓ ఏడాదిపాటు చేస్తే అడ్మిషన్ల గడువు దాటిపోయి, నేర్చుకునే బాధ తప్పుతుంది.

అన్నిటికన్నా ముందు బొమ్మ చూడండి. డుయోలింగోకి ఆకుపచ్చ గుడ్లగూబ ఉంది. గుడ్లగూబ ఇంటిమీద వాలితే మన పెద్దలు శాంతి చేయించేవారు. ఫోన్‌లో వాలితే మాత్రం నోటిఫికేషన్లు ఆన్ చేయండి. అది మూతి ముడుచుకున్నప్పుడు మీకు జాలేసిందంటే యాప్ మంచిదే.

రేటింగ్ మొదటి పది నిమిషాల్లోనే ఇచ్చేయాలి. ఆ పది నిమిషాల్లో కాఫీ, బ్రెడ్డు, నీళ్లు వస్తాయి. అన్నీ తెలిసినట్టే ఉంటాయి, ప్రతిదానికీ టింగుమని మోగుతుంది. నెలరోజులు వాడి రాసిన రివ్యూలో అనుభవం కలిసిపోతుంది, అది కల్తీ. ఇతరుల రివ్యూలు కూడా ఒక్క ముక్కలో మెచ్చుకున్నవే చదవండి. ఆర్నెల్లు వాడాక ఏం వచ్చిందో, ఏం రాలేదో రాసినవి పొడుగ్గా ఉంటాయి, కళ్లకు మంచివి కావు.

ప్రశ్నలు ఎలా అడుగుతుందో గమనించండి. ఎంసెట్ రాసి వచ్చినవాళ్లం. నాలుగు ఆప్షన్లు ఇస్తే మనకు రాని భాషంటూ భూమ్మీద లేదు. ఏనుగు, బస్సు, గొడుగు, పాలగ్లాసు బొమ్మలు పెట్టి ‘మిల్ష్’ ఏదని అడిగితే టక్కున చెప్పేయగలం. ఖాళీ పెట్టె చూపించి వాక్యం సొంతంగా టైప్ చేయమనే యాప్ నేర్పడానికి వచ్చింది కాదు, మీకేం రాదో కనిపెట్టడానికి వచ్చింది. తీసేయండి.

నిన్న చెప్పిన మాటను ఇవాళ మళ్లీ అడిగే యాప్‌నీ నమ్మకండి. 1885లో ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాలు తానే బట్టీపట్టి, ఎంత త్వరగా మరిచిపోతున్నాడో కొలిచి పుస్తకం వేశాడు. 1967లో పాల్ పిమ్స్‌లర్ అనే భాషా పండితుడు, కొత్త మాటను 5 సెకన్లకు, తర్వాత 25 సెకన్లకు, ఆపైన 2 నిమిషాలకు, ఇలా ఎడం పెంచుకుంటూ 2 ఏళ్లదాకా అడగాలని లెక్క కట్టాడు. ఇద్దరికీ జ్ఞాపకశక్తి తక్కువై ఉండాలి. మీకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి రోజూ కొత్త పాఠమే తెరవండి.

వ్యాకరణం సంగతి. జర్మన్‌లో టేబుల్ పుంలింగం, దీపం స్త్రీలింగం, పుస్తకం నపుంసకం. పైన నాలుగు విభక్తులు. ఇవన్నీ పట్టిక గీసి చెప్పే యాప్ వట్టి చాదస్తం. ఎర్రగీత గీసి ఊరుకునేది ఉత్తమం, తప్పెక్కడో ఊహించుకునే స్వేచ్ఛ మీకే వదిలేస్తుంది. కోర్సు కూడా ఇంగ్లీషు మీదుగా నేర్పేదే తీసుకోండి. ఉపవాక్యంలో క్రియను చివరికి తోసేసే జర్మన్ అలవాటు ఇంగ్లీషువాళ్లకు నరకం, అక్కడ మీరూ వాళ్లతోపాటు భయపడవచ్చు. ఉగ్గుపాలనాటి నుంచీ మీరు క్రియ చివర పెట్టే మాట్లాడుతున్నారని గుర్తుచేసుకున్నారో, ఆ భయం కాస్తా పోతుంది.

ఇక నోరు. చాలా యాప్‌లలో వాక్యం పైకి చదవమని మైకు గుర్తు వస్తుంది. దాని కిందే ‘ఇప్పుడు మాట్లాడలేను’ అనే మీట ఉంటుంది. యాప్ మొత్తంలో నిజంగా పనికొచ్చేది అదే. డుయోలింగోలో అది నొక్కితే పావుగంటసేపు మాట్లాడమనే ప్రశ్నలు రావు. పావుగంట కాగానే మళ్లీ నొక్కండి. అమీర్‌పేట మెట్రోలో జనం చూస్తారు, ఇంట్లో అత్తగారు వింటారు, ఎవరూ లేనప్పుడు మాట్లాడితే పిచ్చనుకుంటారు. ఎటూ కాకపోతే మైకులో ‘అన్నం తిన్నావా’ అనండి. అయినా పచ్చరంగు వెలిగి శభాష్ అందనుకోండి, యాప్ వినడం లేదని అనుమానించకండి. మీ ఉచ్చారణ బెర్లిన్ స్థాయికి చేరిందన్నమాట.

యూరప్ కౌన్సిల్ వాళ్లు 2001లో ప్రచురించిన కొలబద్దలో భాషకు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్నాయి. నర్సుగా గుర్తింపు రావాలంటే జర్మనీలో మామూలుగా బీ2 అడుగుతారు. తమ కోర్సు ఏ మెట్టుదాకా తీసుకెళ్తుందో యాప్‌వాళ్లను అడగడం మర్యాద కాదు. యాప్‌కి సొంత మెట్లున్నాయిగా: కాంస్యం లీగ్ నుంచి వజ్రం లీగ్ దాకా. వజ్రం చేరడానికి దగ్గరిదారి, మొదట్లో వచ్చిన కాఫీ పాఠాన్నే పొద్దస్తమానం తిప్పితిప్పి చేయడం. పాయింట్లకు పాఠం పాతదని తెలియదు.

స్ట్రీక్, అంటే ఒక్కరోజూ తప్పకుండా పాఠం చేసిన రోజుల లెక్క, ప్రాణప్రదం. మేనమామ కూతురి పెళ్లి ముహూర్తం రాత్రి పదకొండున్నరకి అయితే అక్షింతలు ఎడమచేత్తో వేయండి. మరీ కుదరకపోతే ఫోన్ తమ్ముడి చేతిలో పెట్టండి. వాడికి జర్మన్ రాదే అని దిగులొద్దు, స్ట్రీక్‌కి అది అడ్డం కాదు.

డబ్బు మాట ఆఖర్న. వారంరోజులు ఉచితం అన్నప్పుడు ఆటోపేకి ఒప్పుకొని ఏడాది ప్లాన్ తీసుకోండి. గడువు తేదీ ఎక్కడా రాసుకోకండి. ఎనిమిదో రోజు బ్యాంకు మెసేజ్ దానంతటదే వస్తుంది.

ఇంత జాగ్రత్తగా ఎంచుకున్నాక ఏ1 పరీక్షకి కూర్చోండి. మాట్లాడే విభాగంలో పేరు చెప్పమంటారు, స్పెల్లింగ్ చెప్పమంటారు. బల్లమీద కార్డులు పెడతారు, ఒకటి తీసి ఎదుటివాళ్లను ప్రశ్న అడగాలి. ఆప్షన్లు ఉండవు. ‘ఇప్పుడు మాట్లాడలేను’ మీట కోసం బల్ల కింద కూడా వెతకండి.

తప్పితే కంగారు పడకండి, యాప్‌కి మాత్రం ఒక్క నక్షత్రం కూడా తగ్గించకండి. యాప్ సరైనదే, దేశమే తప్పు. డుయోలింగో 2018లో క్లింగన్ కోర్సు కూడా పెట్టింది, స్టార్ ట్రెక్‌లో గ్రహాంతరవాసులు మాట్లాడే భాష. దానికి ఇంతవరకూ ఏ కాన్సులేటూ సర్టిఫికెట్ అడగలేదు.